పలుకని పలకకు జుల్మానాయా?

హైదరాబాదునుండి కర్నూలునకు పోవు రాజమార్గమున బీచుపల్లికడ కృష్ణను దాటి దక్షిణముగా సాగు బాటసారికి ఎర్రవల్లి చౌరస్తా యెదురగును. అచ్చటనుండియే గద్వాలకు దారి చీలును. ఇటిక్యాల ప్రాంతపు జనులు అంగడికి పోవలెనన్నను, కచేరీకి పోవలెనన్నను, రోగిని కర్నూలు వైద్యశాలలకు కొనిపోవలెనన్నను ఈ పెద్దబాటయే వారికి శరణ్యము. పూర్వము వారణాసినుండి కన్యాకుమారికి పోవు 7వ జాతీయ రహదారిలో భాగమైన యీ బాట, నేడు శ్రీనగరమునుండి కన్యాకుమారివఱకు సాగు 44వ జాతీయ రహదారిలో చేరియున్నది. ఎడ్లబండ్లు నడచిన సీమలో నాలుగు వరుసల బాట వెలసినది. ఉత్తరదేశపు లారీయు, బెంగుళూరు బస్సును, మన రైతు ట్రాక్టరును, పాలవాని మోటారు సైకిలును దాని మీదనే పరుగిడుచున్నవి.

ఇన్ని ప్రాంతములవారు, ఇన్ని భాషలవారు కలిసి నడచు దారియందు అందఱికిని తెలియునట్లు ఆజ్ఞను వినిపింపగలది యొక్కటియే కలదు. అది రహదారి ప్రక్కన నిలిచిన సూచిక పలక. మెల్లగా పొమ్మనియు, ఇటు తిరుగవలదనియు, ముందు వంపు కలదనియు చెప్పునది అదియే. ఆ పలక సరిగా పలికినంత కాలము దాని మాట వినని వానికి జుల్మానా విధించుట న్యాయము. కాని ఆ పలకయే మూగవోయిన నాడు, దాని మొగమును చెట్టుకొమ్మయో ప్రచారపు ఫ్లెక్సీయో కప్పివేసిన నాడు, ఎండకు వానకు దాని యక్షరములు చెరిగిపోయిన నాడు జుల్మానా చెల్లింపవలసిన వాడెవ్వడు? వాహనము నడిపిన వాడా, పలకను నిలుపవలసిన వాడా? ఇదియే నేటి మా ప్రశ్న.

ఒక యుదాహరణము నూహింతము. ఇది జరిగినదని మేము చెప్పుట లేదు. జరుగుటకు వీలులేదని చెప్పగల వారును లేరు. ఇటిక్యాల మండలపు రైతొకడు జబ్బుపడిన తల్లిని కారులో కూర్చుండబెట్టుకొని కర్నూలునకు బయలుదేరినాడు. అంతవఱకు ఎనుబది కిలోమీటర్ల వేగము చెల్లుచుండిన బాటపై ఒక కూడలికి ముందు వేగము అరువదికి తగ్గింపబడినది. తగ్గించినట్లు తెలుపు పలక వేపకొమ్మల వెనుక నున్నది. దాని క్రింది భాగమును ఎవరి జన్మదిన శుభాకాంక్షల ఫ్లెక్సీయో ఆక్రమించినది. రైతు డెబ్బదియైదు కిలోమీటర్ల వేగమున పోయెను. అతని దృష్టిలో అతడు నియమమును తప్పలేదు. వారము గడచిన తరువాత చేతిలోని ఫోను మ్రోగినది. వేగము మీఱినందులకు వేయి రూపాయల జుల్మానాయు, దానిపై ముప్పదియైదు రూపాయల సేవారుసుమును చెల్లింపవలెనని సందేశము. అతడు మరల ఆ చోటికి పోయి వెదకగా, పది గజముల దూరమునకు వచ్చినపిమ్మట గాని పలక కానరాలేదు.

ఇప్పుడతడేమి చేయవలెను? ఇరుగుపొరుగు వారి యుపదేశము మనకు తెలియనిది కాదు. "వేయి రూపాయలకొఱకు వకీలును పెట్టుకొందువా? కోర్టుల చుట్టు తిరుగుటకు పొలము పని మానుకొందువా? పారవేసి ఊరకుండుము" అని వారందురు. లౌకికముగా చూచిన నీ మాట తెలివైనదే. కాని ఈ తెలివి ఊరూరను ప్రబలిన కొలది పలకలు చెట్లచాటుననే యుండును. జుల్మానాలు వచ్చుచునే యుండును. ప్రమాదములును జరుగుచునే యుండును. అస్పష్టమైన సూచిక మూలమున విధింపబడిన జుల్మానాను ప్రశ్నించుట పిసినారితనము కాదు. అది పౌరుని హక్కు. అంతకంటెను మిక్కిలిగా, అతడు తన యూరివారికి చేయు సేవ యని మా యభిప్రాయము.

మొదట శాసనమేమి చెప్పుచున్నదో చూతము. 1914 నాటి మోటారు వాహనముల చట్టమునకు బదులు 1939లో మఱొకటియు, దానికి బదులు 1988లో ఇప్పటి చట్టమును వచ్చినవి. ఈ 1988 చట్టపు 112వ సెక్షను వేగమును గూర్చినది. ఆయా తరగతుల వాహనములు మీఱరాని గరిష్ఠ వేగమును కేంద్రప్రభుత్వము నిర్ణయించును. దానిని మీఱిన వాడు పలక కనబడలేదని చెప్పి తప్పించుకొనజాలడు. అతనితో మాకు వాదము లేదు.

కాని ఒకానొక బాటపై, ఒకానొక వంతెనకడ, ప్రజాక్షేమమునకై అంతకంటె తక్కువ పరిమితిని రాష్ట్రప్రభుత్వము గాని, అది అధికారమిచ్చిన సంస్థ గాని యేర్పఱుపదలచినచో, చట్టము రెండు పనులు చేయుమన్నది. ఒకటి గెజెటులో ప్రకటించుట. రెండవది 116వ సెక్షను ననుసరించి తగిన స్థలములందు తగిన సూచికలను నిలుపుట. ఇందొక విశేషము గమనింపదగినది. పరిమితి యొక నెలకు మించి యుండనిచో గెజెటు ప్రకటన అక్కఱలేదని ఆ సెక్షనే చెప్పుచున్నది. పలక అక్కఱలేదని మాత్ర మెచ్చటను చెప్పలేదు. గెజెటు లేకుండ నొక నెల గడుపవచ్చును గాని పలక లేకుండ నొక దినమైనను గడుపుటకు శాసనకర్త లొప్పుకొనలేదు. వారు పలక కెంత విలువ నిచ్చిరో దీనివలననే తెలియుచున్నది.

ఇక 119వ సెక్షను. తప్పనిసరిగా పాటింపవలసిన సూచికలు చెప్పినట్లు ప్రతి చోదకుడును నడుచుకొనవలెనని అది శాసించుచున్నది. ఆ సూచిక యెట్లుండవలెనో, ఎవరిచే ఏ సెక్షను క్రింద నిలుపబడవలెనో కూడ అదియే వివరించుచున్నది. అనగా చోదకుని విధేయత పలక మీద నాధారపడి యున్నది; పలక ప్రభుత్వపు కర్తవ్యనిర్వహణము మీద నాధారపడి యున్నది. మొదటి మెట్టు విఱిగిన తరువాత రెండవ మెట్టు నెక్కలేదని మనుష్యుని దండించుట ఎట్టి న్యాయము?

"చట్టము తెలియదనుట సమాధానము కాదు" అను సూత్రమును కొందఱు వెంటనే ముందుకు తెత్తురు. సూత్రము సత్యమే. దొంగతనము నేరమని నాకు తెలియదని ఎవ్వడును తప్పించుకొనజాలడు. కాని తెలిసికొనుటకు మార్గముండి తెలిసికొనని వానికే ఈ సూత్రము చెల్లును. ఫలాని మైలురాయికడ వేగము తగ్గింపబడినదను సంగతి శ్రీనగరమునుండి వచ్చు లారీ నడుపువానికి ఏ పుస్తకమునుండి తెలియును? ఎర్రవల్లి దాటకమునుపు అతడు బండి నాపి గెజెటును తెప్పించుకొని చదువుకొనవలెనా? ఆ చోట పలకయే శాసనపు నోరు. అది తెఱువబడనిచో శాసనము పలికినట్లు కాదు.

నిజాముగారి పాలనలో, ముందుగా అనుమతి పొందక సభలు జరుపరాదన్న గస్తీ 53ను గూర్చి ఈ సీమలోని వృద్ధులు తమ పెద్దలవలన విని యుందురు. అది ప్రజల నోరు కట్టివేసిన యాజ్ఞ; దానిని సమర్థించు వారు నేడు లేరు. అయినను అది ప్రకటింపబడిన యాజ్ఞ. దానిని చదువగలిగిరి గనుకనే మన పెద్దలు దానితో బహిరంగముగా పోరాడగలిగిరి. ప్రకటింపబడని యాజ్ఞతో పోరాడుట యెట్లు? అది యున్నదని దండన వచ్చిన తరువాత గదా తెలియుట!

ఈ విషయమున మన సర్వోన్నత న్యాయస్థానము చాల కాలము క్రిందటనే మార్గము చూపినది. సంస్థానముగా నుండిన జయపురమున 1923లో మంత్రిపరిషత్తు నల్లమందు చట్టము నొకదానిని తీర్మానించి దాచియుంచెను. అది ఏ గెజెటునందును ప్రకటింపబడలేదు, ప్రజలకు తెలుపబడలేదు. ఆ చట్టము క్రింద హార్లా యను నాతనికి ఏబది రూపాయల జుల్మానా విధింపబడినది. అతడు చెల్లించి ఊరకుండలేదు. వ్యవహారము సుప్రీముకోర్టు వఱకు పోయినది. 1951 సెప్టెంబరులో వివియను బోసుగారు తీర్పు చెప్పుచు, ప్రజలు తెలిసికొనుటకు వీలగు రీతిని ప్రకటింపబడని చట్టముచే వారిని బంధించుట సహజన్యాయమునకు విరుద్ధమని నిర్ణయించిరి. శిక్ష రద్దయినది. జుల్మానా కట్టియున్నచో తిరిగి యీయవలెననియు ఆజ్ఞ యయ్యెను.

ఏబది రూపాయలు! ఆ తీర్పు నేటికిని న్యాయవాదుల నోట నిలిచియున్నది. "ఏబది రూపాయలకొఱకు ఢిల్లీ దాక పోవలెనా?" అని నాడు హార్లా తలచియున్నచో, రహస్యముగా శాసనము చేయరాదను ధర్మము అంత స్పష్టముగా అంత త్వరగా మనకు లభించియుండెడిది కాదు. చిన్న మొత్తముల వెనుక పెద్ద ధర్మములు దాగియుండుట అరుదు కాదు.

పరదేశములందును ఈ ధర్మమే చెల్లుచున్నది. ఇంగ్లండులో 1984 నాటి రహదారి నియంత్రణ చట్టపు 85వ సెక్షనున, సూచికలద్వారా తెలుపవలసిన వేగపరిమితి అట్లు తెలుపబడనిచో దానిని మీఱినాడని ఎవ్వనిని దోషిగా నిర్ణయింపరాదని స్పష్టముగా వ్రాయబడియున్నది. సూచికలు చాలినంతగా లేనిచో నేరమే లేదని 1967లో అచ్చటి న్యాయస్థానము బండ్లు నిలుపు నియమములను గూర్చిన వ్యాజ్యెములో తీర్పు చెప్పినది. పరిమితి ప్రారంభమగు చోటి పలకలను చెట్లు కప్పివేసినందున 2006లో అచ్చటి హైకోర్టు ఒక చోదకుని శిక్షను కొట్టివేసినది. ఈ తీర్పులవలన ఇంగ్లండు బాటలపై అరాజకము ప్రబలలేదు. పలకలను చెట్లచాటున నుంచినచో కేసు నిలువదని అధికారులు నేర్చుకొనిరి.

రహదారి సూచికలు ఎట్లుండవలెనను విషయమై 1968లో వియన్నానగరమున అంతర్జాతీయ సమావేశమొకటి జరిగి ఒడంబడిక యొకటి వెలసినది. భారతదేశము 1980లో అందు చేరినది. భాష తెలియని వానికి సైతము, అక్షరము రాని వానికి సైతము ఆకారము చేతను, రంగు చేతను, బొమ్మ చేతను అర్థము కావలెనన్నదే దాని పరమార్థము. మన చట్టపు మొదటి షెడ్యూలునందలి సూచికలును ఈ పద్ధతినే యున్నవి. ఎఱ్ఱని యంచు గల గుండ్రని పలక ఆజ్ఞను తెలుపును, త్రికోణము హెచ్చరించును, దీర్ఘచతురస్రము సమాచార మిచ్చును. పల్లెటూరి పసివానికైనను ఒక దినమున నేర్పదగిన విద్య ఇది. ఇంత చక్కని పద్ధతిని కాగితముపై నంగీకరించి, బాటపై పలకను తుప్పు పట్టనిచ్చుట మనకు గౌరవము కాదు.

ఇప్పుడొక యాక్షేపణకు సమాధానము చెప్పవలెను. "మీరు వేగోన్మాదులకు వకాల్తా పుచ్చుకొనుచున్నారు, దారిలో రాలిపోవు ప్రాణముల మాట యేమి?" అని యడుగువారు కలరు. ఈ ప్రశ్నను మేము తేలికగా చూడము. 2022వ సంవత్సరమొక్కదానిలో మన దేశమున రహదారి ప్రమాదములయందు 1,68,491 మంది మరణించిరని కేంద్రప్రభుత్వపు లెక్కయే చెప్పుచున్నది. ఈ బాటపైననే, మనకు ఉత్తరముగా కొత్తకోట చేరువనున్న పాలెముకడ 2013 అక్టోబరు 30వ తేదీ తెల్లవాఱుజామున బెంగుళూరునుండి వచ్చుచుండిన బస్సు కల్వర్టును ఢీకొని కాలిపోగా 45 మంది ఆహుతియైరి. ఆ దినమును ఈ సీమ మఱువదు. వేగమును అదుపు చేయవలదని చెప్పుటకు ఇచ్చట నెవ్వరికిని నోరు రాదు.

అందువలననే మేము పలకను గూర్చి యింతగా పట్టుపట్టుచున్నాము. వేగపరిమితి యేర్పఱచునది చోదకుడు నెమ్మదిగా పోవుటకు గాని వాడు త్వరగా పోయిన పిమ్మట సొమ్ము రాబట్టుటకు కాదు. కనబడు పలక ప్రమాదమును ముందుగా నాపును. కెమెరా జరిగిపోయిన దానిని లిఖించును. పలక మాటున నుండి కెమెరా పనిచేయుచున్నచో ప్రభుత్వ ఖజానాకు వేయి రూపాయలు చేరును గాని, ఆ కూడలిలో బాటను దాటుచున్న ముసలమ్మకు రక్షణ చేకూరదు. చోదకునికి వారము తరువాత చేరిన ఫోను సందేశము ఆ దినమున అతని బండి వేగమును ఒక కిలోమీటరైనను తగ్గింపలేదు గదా! కావున పలకకొఱకు పోరాడు వాడు ప్రాణములకొఱకే పోరాడుచున్నాడు.

కోయంబత్తూరు వైద్యుడు రాజశేఖరనుగారు 2012లో వేసిన వ్యాజ్యెముపై సుప్రీముకోర్టు రహదారి రక్షణ విషయమున రాష్ట్రములన్నిటికిని పలుమాఱులు ఆజ్ఞలిచ్చినది. యంత్రముల ద్వారా వేగమును కనిపెట్టు 136ఎ సెక్షనును అమలు జరుపుడని 2024లోను చెప్పినది. మంచిదే. కెమెరాలు రానిండు. కాని కెమెరా వచ్చు ప్రతి చోటికిని దానికంటె ముందుగా పలక రావలెను. యంత్రపు కన్ను నిశితమగు కొలది ప్రభుత్వపు వాక్కును స్పష్టము కావలెను.

ఇంకొక తారతమ్యమును పాఠకులు గమనింతురు గాక. 2019 సవరణమున 198ఎ అను సెక్షను చేర్పబడినది. రహదారి రూపకల్పనలో, నిర్మాణములో, పోషణములో నిర్ణీత ప్రమాణములను పాటింపని అధికారికిని, కంట్రాక్టరునకును లక్ష రూపాయలవఱకు జుల్మానా విధింపవచ్చునని అందు కలదు. వినుట కింపుగా నున్నది. కాని ఎప్పుడు? ఆ లోపము వలన ఒకరు చచ్చినప్పుడో, అవిటివారైనప్పుడో మాత్రమే. చోదకుడు ఎవ్వనికిని గాయము చేయకున్నను, వేగము మీఱినంతనే జుల్మానా. పలకను నిలుపని వానికి మనిషి చచ్చిన తరువాత గాని బాధ్యత లేదు. ఒక బాటపై రెండు ధర్మములా?

మన తెలంగాణమున మఱొక విచిత్రమును చూచితిమి. పేరుకొనిపోయిన చలానాలను వసూలు చేయుటకై 2022లో ద్విచక్రవాహనములకు నూటికి డెబ్బదియైదు వంతులు తగ్గించిరి. మరల 2023 డిసెంబరు చివర ఎనుబది వంతులు తగ్గించిరి. జనులు వరుసలు కట్టి చెల్లించిరి. ఖజానాకు లాభము కలిగినదేమో గాని, న్యాయమునకు కలిగిన లాభమేమి? నిజముగా నియమమును మీఱిన వానికి అది అనర్హమైన బహుమానము. నియమమును మీఱని వానికి అది "తప్పు చేయకున్నను పావలా యిచ్చి వదిలించుకొనుము" అను ఉపదేశము. ఏ పలక కనబడలేదో, ఏ కూడలిలో గీతలు చెరిగినవో చెప్పదలచిన వాని ఫిర్యాదు ఆ తగ్గింపు మూటలోనే పూడిపోయినది. జుల్మానా సంతలోని బేరమైన పిమ్మట దానియందలి నీతి మిగులదు.

అట్లయిన మన రైతు చేయవలసిన దేమి? ఆవేశము కాదు, ఆధారము కావలెను. మొట్టమొదట అతడు తొందరపడి సొమ్ము కట్టరాదు. చట్టపు 200వ సెక్షను క్రింద సొమ్ము కట్టుట రాజీ యగును. వ్యవహార మంతటితో ముగియును. తరువాత వాదించుటకు చోటుండదు. రెండవది, అతడు అదే వేళకు అదే చోటికి పోయి, నూఱు గజముల దూరమునుండి, ఏబది గజముల దూరమునుండి, దగ్గఱనుండి, చోదకుని కంటికి కనబడు ఎత్తున ఛాయాచిత్రములు తీయవలెను. తేదీయు, వేళయు వ్రాసికొనవలెను. ఊరిపెద్దల నిరువురను సాక్షులుగా తీసికొనిపోవుట మంచిది. ఆలస్యము చేసినచో కొమ్మ నఱకబడును, ఫ్లెక్సీ తొలగింపబడును, ఆధారము మాయమగును.

మూడవది, 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టవలెను. ఆ చోట వేగమును తగ్గించిన గెజెటు ప్రకటన యేది? పలక నే దినమున నిలిపిరి? వేగమును కొలిచిన యంత్రమునకు ఆమోదపత్రము కలదా? అని యడుగవలెను. ముప్పది దినములలో జవాబీయవలసిన బాధ్యత అధికారులది. యంత్రములద్వారా కనిపెట్టిన నేరములకు పదునైదు దినములలో నోటీసు పంపవలెననియు, యంత్రపు ఆమోదపత్రము ఏటేట పునరుద్ధరింపబడవలెననియు 2021లో చేర్చిన 167ఎ నియమము చెప్పుచున్నది. ఈ సంగతులను విచారించుట చోదకుని హక్కు.

నాల్గవది, వ్యవహారము మేజిస్ట్రేటుగారి యెదుటికి వచ్చినప్పుడు, "పోనిమ్ము, ఒప్పుకొని బయటపడుదము" అను బలహీనతకు లోనుగారాదు. నేరము నంగీకరించిన వానికి, శిక్ష పరిమాణమును గూర్చియు దాని చట్టబద్ధతను గూర్చియు తప్ప, తరువాత అప్పీలు లేదు. "నేను నడిపితిని, ఈ వేగమున నడిపితిని, కాని పరిమితి నాకు తెలుపబడలేదు, ఇదిగో ఛాయాచిత్రము" అని నిజము చెప్పి విచారణ కోరవలెను. మేజిస్ట్రేటుగారు కాదన్నచో సెషన్సు న్యాయస్థానము కలదు. వకీలును పెట్టుకొన శక్తి లేని స్త్రీలకును, షెడ్యూల్డు కులముల, తెగలవారికిని, బీదవారికిని 1987 నాటి చట్టము క్రింద ఏర్పడిన న్యాయసేవాసంస్థలద్వారా ఉచితముగా సహాయము లభించును. ప్రతి వ్యాజ్యెమును గెలుతుమని మేము హామీ యీయము. "పలక లేనిచో శిక్ష లేదు" అని ఇంగ్లండు చట్టమువలె తేటగా చెప్పు వాక్యము మన చట్టమున లేదు. 112, 116, 119 సెక్షనులను కూర్చి చదివి వాదింపవలసి యున్నది.

ఈ కొఱతను పార్లమెంటు తీర్పవలెను. కేంద్రము నిర్ణయించిన సామాన్య పరిమితికంటె తక్కువ వేగమును ఒక చోట నిర్ణయించినపుడు, అది స్పష్టమగు సూచికలద్వారా తెలుపబడియుండనిచో ఎవ్వనిని దోషిగా నిర్ణయింపరాదను నొక్క వాక్యమును చట్టమున చేర్చినచో చాలును. పలకను నిరూపించు భారమును నేరము మోపిన వారిపై నుంచవలెను. ప్రతి వేగపు చలానాతోను, ఉల్లంఘన జరిగిన చోటికి ముందున్న పలక ఛాయాచిత్రమును జతపఱచుటకు నేటి యంత్రయుగమున నేమి కష్టము? కారు సంఖ్యను అర నిమిషములో చదువగల యంత్రము పలకను చిత్రింపలేదా?

అంతవఱకు స్థానికులు చేయదగినది చాల కలదు. చట్టపు 215వ సెక్షను క్రింద జిల్లా రహదారి రక్షణ సంఘముల నేర్పఱుపవచ్చును. 2016లో గద్వాల జిల్లా యేర్పడిన తరువాత అధికారులు ప్రజలకు దగ్గఱయైరి. ఆ సామీప్యమును వాడుకొనవలెను. బీచుపల్లినుండి ఎర్రవల్లి మీదుగా తుంగభద్ర వఱకును, ఎర్రవల్లినుండి గద్వాల వఱకును గల పలకలను గ్రామపంచాయతీలవారు ఏటికి రెండుమాఱులు, వర్షాకాలమునకు ముందొకసారి, చెట్లు పెరిగిన తరువాత నొకసారి, నడిచి చూచి లెక్క వ్రాయింపవలెను. లోపమున్న చోట్లను జాతీయ రహదారుల సంస్థకును, జిల్లా పోలీసువారికిని వ్రాతమూలకముగా తెలుపవలెను. ఆ వ్రాత యొక్కటి యున్నచో, తరువాత జుల్మానా పడిన వానికది కొండంత యండ యగును.

ఫ్లెక్సీల మాట ప్రత్యేకముగా చెప్పవలెను. రహదారి సూచికను మఱుగుపఱచు ప్రకటనలను తొలగించుటకు జిల్లా పోలీసు సూపరింటెండెంటు హోదాకు తగ్గని అధికారికి ప్రభుత్వము అధికార మీయవచ్చునని 116వ సెక్షనులోనే కలదు. కాని మన జన్మదినములకు, మన నాయకుల స్వాగతములకు, మన పెండ్లి పిలుపులకు పలక మొగమును కప్పివేయుచున్నది మనమే. ఆ పిమ్మట చలానా వచ్చినదని వాపోవుటయు మనమే. పోలీసువా రేమి చేయుచున్నారని యడుగుటకు ముందు మన యింటి ఫ్లెక్సీ యెచ్చట కట్టితిమో చూచుకొనుట మర్యాద.

చివరగా నొక హెచ్చరిక. ఈ వాదమును అడ్డుగా పెట్టుకొని, పలక స్పష్టముగా నున్నను చూడనట్లు నటించి వేగముగా పోవు వానికి మా సానుభూతి లేదు. కనబడిన పలకను పాటింపని వాడు కనబడని పలకను గూర్చి ఫిర్యాదు చేయుటకు అర్హుడు కాడు. ఊరు వచ్చినప్పుడును, కూడలి వచ్చినప్పుడును, బడిపిల్లలు బాట దాటుచున్నప్పుడును పలక యున్నను లేకున్నను వేగము తగ్గించుట మనుష్యధర్మము. మేము కోరునది ఆ ధర్మమునుండి మినహాయింపు కాదు. దండించు వాడు మొదట చెప్పవలెను. చెప్పినదానిని వినునట్లు చెప్పవలెను. ఆ పిమ్మటనే దండింపవలెను. ఇంతమాత్రమే మా కోరిక.

బీచుపల్లికడ కృష్ణను దాటి వచ్చు ప్రతి బండికిని ఎర్రవల్లి కూడలికి ముందు, రాత్రియైనను వానయైనను దూరమునుండియే చదువదగిన పలక యొకటి యెల్లప్పుడును నిలిచియుండుగాక. అట్టి పలకను చూచియు మీఱిన వానినుండి జుల్మానా పూర్తిగా వసూలు చేయుదురు గాక. అందొక్క పైసయు తగ్గింపనక్కఱలేదు. కాని పలక పలుకని చోట జుల్మానా పడినచో, ఇటిక్యాల రైతు వేయి రూపాయలకు వెనుదీయక, ఛాయాచిత్రములు చేతబట్టుకొని గద్వాల కోర్టు మెట్లెక్కుటకు సంకోచింపకుండును గాక.